కొత్తదేదీ వద్దంటున్న నాన్నగారికి జబ్బు ఉన్నట్టేనా?

అమ్మా,

చదివే మిగతావాళ్ళకి కూడా విషయం తెలియాలి కాబట్టి ముందు మీ ప్రశ్నని నాలుగు మాటల్లో చెబుతాను. మీ నాన్నగారికి 72 ఏళ్ళు. హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. అమ్మగారు పోయి మూడేళ్ళయింది. మీరు హైదరాబాదులో, ఆయన విజయనగరంలో సొంతింట్లో ఒక్కరే. సింగపూర్ తీసుకెళతానంటే వద్దన్నారు. పెద్ద టీవీ కొనిస్తే అందులోనూ పాత సినిమాలే పెట్టుకుంటున్నారు. మీ అపార్ట్‌మెంట్లో నెల రోజులు ఉండమంటే నాలుగో రోజుకే బ్యాగు సర్దుకుంటారు. పెద్దచెరువు గట్టు మీద నడక, గంటస్తంభం దగ్గర టీ, సీజన్లో పనసపొట్టు కూర ఉంటే చాలంటారు. గురువారం వస్తే మాత్రం ఎండైనా వానైనా కంటోన్మెంటు వైపు ఉండే పాత స్నేహితుడు, తెలుగు మాస్టారింటికి వెళ్ళి తీరాలి. ఆ మాస్టారికి మతిమరుపు జబ్బు. మీ నాన్నగారెవరో కూడా ఇప్పుడు తెలియదు. వెళ్ళొచ్చిన సాయంత్రం ఈయన ముభావంగా ఉంటారు. "దేని మీదా ఆసక్తి లేకపోవడం డిప్రెషన్ లక్షణమని చదివాను. మందులు వాడాలా? ఆ గురువారం వెళ్ళడం మాన్పించాలా? బలవంతంగానైనా హైదరాబాదు తెచ్చేసుకోమంటారా?" అని అడిగారు.

నేను సైకియాట్రిస్టుగా ఈ విజయనగరంలోనే పనిచేసి రిటైరయ్యాను. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే మీ నాన్నగారిలో నాకు డిప్రెషన్ కనిపించడం లేదు. మనిషిని చూడకుండా జబ్బు ఉందనో లేదనో తేల్చెయ్యకూడదు. అందుకే నేనెందుకు అలా అనుకుంటున్నానో, ఏం కనిపిస్తే నా అభిప్రాయం మార్చుకుంటానో రెండూ చెబుతాను. మీరు రాసిన దాంట్లోనే ఇంకో సంగతి ఉంది. దాన్ని మీరు మామూలుగా రాసేసి వదిలేశారు, నాకు మాత్రం అదే ముఖ్యంగా కనిపించింది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మీరు చదివింది తప్పు కాదు. డిప్రెషన్ ఉందేమో తెలుసుకోవడానికి ప్రపంచమంతా వాడే తొమ్మిది ప్రశ్నల పట్టికలో మొదటి ప్రశ్నే అది. గత రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి, వాటిలో ఆనందం తగ్గాయా అని అడుగుతుంది. అయితే ఎవరికి దేని మీద తగ్గిందో చూడాలి. సింగపూర్ అంటే మీ నాన్నగారికి ఎప్పుడూ ఇష్టం లేదు. లేని ఇష్టం పోయిందని జబ్బు అనలేం కదా. నలభై ఏళ్ళుగా ఆయనకి ఇష్టమైనవాటికి ఈరోజు రుచి ఉందా లేదా అన్నదే మేం చూసేది.

మన ప్రాంతంలో మనిషి డాక్టరు దగ్గరికొచ్చి "నా మనసు బాగోలేదు" అనడం చాలా అరుదు. గుండె దడంటారు, నరాల నీరసమంటారు, అరికాళ్ళ మంటలు, తలంతా తిమ్మిరి, కడుపులో గాభరా అంటారు. అప్పటికే ఈసీజీలు, స్కానింగులు అన్నీ అయిపోయి ఉంటాయి. అలాంటివాళ్ళని "దిగులుగా ఉందా?" అని అడిగితే లాభం ఉండదు, లేదనే చెబుతారు. నేను తిండి సంగతి అడిగేవాణ్ణి. గజపతినగరం వైపు నుంచి ఒకావిడని ఆవిడ భర్త తీసుకొచ్చాడు (గుర్తులు మార్చి రాస్తున్నాను). ఊళ్ళో చేపలమ్మే మనిషి. నోరు తెరిస్తే వీధి చివరిదాకా వినపడేదట, మూడు నెలలుగా మాటే లేదు. "నీకేం ఇష్టం తినడానికి?" అన్నాను. చాలాసేపటికి "చేపల పులుసు బాబూ" అంది. "ఆఖరిసారి ఎప్పుడు తిన్నావు?" "మొన్ననే." "ఎలా ఉంది?" "మట్టి తిన్నట్టుంది" అంది. తెల్లవారుజామున మూడింటికే మెలకువ, పొద్దుటిపూట గుండె మీద బరువు, సాయంత్రానికి కాస్త తేరుకోవడం, బరువు తగ్గిపోవడం, అన్నీ ఉన్నాయి. మందులు మొదలుపెట్టాం. ఇవి మొదటి వారంలో పనిచేసేవి కావు, గుణం తెలియడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఐదో వారం ఆవిడ భర్త నవ్వుకుంటూ వచ్చాడు. "రాత్రి కూరలో ఉప్పు సరిపోలేదని కేకలేసింది డాక్టర్ గారూ" అన్నాడు. ఆయన సంతోషం అంతా ఇంతా కాదు. నేను పట్టికలో మార్కులు వెయ్యాల్సిన పనే లేకపోయింది.

మీ నాన్నగారు పనసపొట్టు కూరకి ఆవ తక్కువైందని వంటమనిషితో పేచీ పెట్టుకున్నారని మీరు కాస్త చిరాగ్గానే రాశారు. ఆ పేచీ చదివి నేను తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను.

ఇక్కడ మెదడు సంగతి ఒకటి చెప్పాలి. కావాలనిపించడం, బాగుందనిపించడం మనకి ఒకటే అనిపిస్తాయి గానీ, మెదడులో అవి రెండూ వేరువేరు ఏర్పాట్ల మీద నడుస్తాయి. మిషిగన్ విశ్వవిద్యాలయంలో కెంట్ బెరిడ్జ్ అనే శాస్త్రవేత్త దశాబ్దాల పాటు దీని మీద పనిచేశారు. డోపమిన్ అనే మెదడు రసాయనం ఎక్కువగా నడిపేది మొదటిదాన్ని, అంటే కోరికని. కొత్త ఫోను, కొత్త ఊరు, కొత్త హోటల్ వైపు మనల్ని తోసేది అదే. వయసుతో పాటు డోపమిన్ జోరు కొంత తగ్గుతుంది, కొత్తవాటి వెంట పడే గుణమూ తగ్గుతుంది. బాగుందనిపించడం మాత్రం చెక్కుచెదరకుండా ఉండొచ్చు. టీ గ్లాసు చేతిలోకి రాగానే ఆయన ముఖం ఎలా ఉంటుందో ఈసారి వచ్చినప్పుడు చూడండి. కొత్తవాటి మీద కోరిక తగ్గినా, ఉన్నవాటిలో తృప్తి తగ్గని మనిషికి జబ్బు ఉందనుకోనక్కర్లేదు. డిప్రెషన్‌లో పాత ఇష్టాల మీద కోరిక, వాటిలో తృప్తి రెండూ దెబ్బతినొచ్చు.

పాతవాళ్ళనే పట్టుకుని వేలాడడం గురించి కూడా అడిగారు. "వాకింగ్‌లో కొత్తవాళ్ళు ఎంతమంది పిలిచినా కలవరు, ఆ ముగ్గురితోనే కూర్చుంటారు" అన్నారు. స్టాన్‌ఫర్డ్‌లో లారా కార్‌స్టెన్‌సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పిన సిద్ధాంతం ఒకటుంది. ముందు చాలా కాలం ఉందనుకున్నప్పుడు మనిషి పరిచయాలు పెంచుకుంటూ పోతాడు, ఉన్న కాలం తక్కువని తెలిసినప్పుడు మనసుకి దగ్గరైన కొద్దిమందినే ఎంచుకుంటాడు. ఇది ముసలితనం వల్ల వచ్చే లోపం కాదని చూపించడానికి వాళ్ళు హాంకాంగ్‌లో ఒక పరిశీలన చేశారు. 1997లో హాంకాంగ్ చైనా చేతికి వెళ్ళబోయే ముందు రోజుల్లో అక్కడి కుర్రవాళ్ళు కూడా కొత్త పరిచయాల కంటే బాగా తెలిసినవాళ్ళతో గడపడానికే మొగ్గారు. ఏదో ముగిసిపోతోందనిపిస్తే పాతికేళ్ళ వాడైనా డెబ్బై ఏళ్ళ వాడైనా చేసే పని అదే. మీ నాన్నగారు లెక్కల మాస్టారు కదా, మిగిలిన కాలాన్ని ఎవరి మధ్య పంచాలో లెక్క వేసుకుని ఉంటారు.

చిన్న చిన్న సంతోషాల గురించి నా వృత్తిలో చాలా ఆలోచించాను, రిటైరయ్యాక ఇంకా ఎక్కువ ఆలోచిస్తున్నాను. ఏ సుఖమైనా రోజూ దొరికితే మనసు దానికి అలవాటుపడిపోతుంది. జీతం పెరిగినా, ఇల్లు మారినా, కారు కొన్నా కొన్ని నెలల్లో అదే మామూలైపోతుంది. దీని మీద 1970ల నుంచి బోలెడు పరిశోధన జరిగింది. కానీ మన ఉత్తరాంధ్రలో ఒక మనిషి ఏడాదంతా ఏం తింటాడో చూడండి. ఎండలు ముదిరితే ముంజలు, ఆ వెంటే జీడిమామిడి పళ్ళు, పనసకాయ లేతగా ఉన్నన్నాళ్ళే పొట్టు కూర. ఆ తర్వాత భీమాళి మామిడి తాండ్ర. చలికాలం వచ్చిందంటే కుంపటి మీద కాల్చిన తేగలు. ఏదీ కొన్ని వారాలకి మించి ఉండదు. నోరు అలవాటుపడేలోగా వెళ్ళిపోతుంది, మళ్ళీ ఏడాదికి కొత్తగా వస్తుంది. మా నాయనమ్మ ముంజని గోటితో కాకుండా బొటనవేలి మెత్తటి భాగంతో తీసేది, నీరు చిందకుండా. నేను ఇప్పటికీ అలాగే తీస్తాను. ఆ చల్లటి నీళ్ళు నోట్లో పడిన క్షణానికి విలువ కట్టమంటే నా దగ్గర అంత డబ్బు లేదు. పెద్దవాళ్ళు "ఈ ఏడాది ముంజలు తిన్నాం" అని ఏదో పని పూర్తిచేసినట్టు చెప్పుకుంటారు చూడండి, అందులో ఎదురుచూపు ఉంది, జ్ఞాపకం ఉంది, వచ్చే ఏడాది కూడా ఉంటామన్న ఆశ ఉంది. డిప్రెషన్ ఉన్నవాడికి ముందుగా పోయేది ఆ వచ్చే ఏడాదే.

ఇలాంటి చిన్న పనులు వైద్యానికి కూడా పనికొస్తాయి. మనిషికి ఇదివరకు ఇష్టంగా ఉన్న పనులు ఏరి, రోజుకి ఒకటో రెండో, మనసున్నా లేకపోయినా చేయించడం డిప్రెషన్ చికిత్సలో ఒక పద్ధతి. 1970లలో పీటర్ లూయిన్‌సన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త దీనికి బాట వేశారు. మనుషులకి సంతోషమిచ్చే పనులంటూ ఆయన బృందం తయారుచేసిన జాబితాలో 320 పనులున్నాయి. అందులో చాలావరకు కాసులు ఖర్చయ్యేవి కావు. తేలికపాటి, మధ్యరకం డిప్రెషన్‌కి ఈ పద్ధతి బాగా పనిచేస్తుందని తర్వాత తేలింది. మీ నాన్నగారు ఎవరూ చెప్పకుండానే రోజూ ఈ వైద్యం చేసుకుంటున్నారు. చెరువు గట్టుకి నడవడంలో ఒంటికి పని, పొద్దుటి వెలుగు, మనుషుల పలకరింపు మూడూ కలిసి వస్తున్నాయి. ఆ టీ కొట్టు నుంచి ఆయన్ని తీసుకెళ్ళి పన్నెండో అంతస్తులో కూర్చోబెట్టి, తర్వాత ఆయనకి మందు రాయించడం నాకు సమ్మతం కాదు.

ఇక గురువారం.

మీ ప్రశ్నలో నన్ను ఎక్కువ కదిలించింది ఇదే. "గుర్తుపట్టని మనిషి దగ్గరికి వెళ్ళి ఏం లాభం?" అని రాశారు. లాభం ఉంది. మతిమరుపు తెచ్చే అల్జీమర్స్ జబ్బు ముందుగా దెబ్బకొట్టేది మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగాన్ని. కొత్త జ్ఞాపకాలు అక్కడే తయారవుతాయి. అందుకే పొద్దున్న ఏం తిన్నామో, ఎవరొచ్చారో నిలవదు, తర్వాత పేర్లూ పోతాయి. మనసులో కలిగిన భావం మాత్రం వేరే దారిలో నిలుస్తుంది. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయం వాళ్ళు 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. అల్జీమర్స్ ఉన్నవాళ్ళకి కొన్ని దుఃఖం కలిగించే దృశ్యాలు, కొన్ని సంతోషం కలిగించే దృశ్యాలు చూపించారు. కాసేపటికి ఏం చూశారో వాళ్ళు మర్చిపోయారు. కానీ ఆ దుఃఖం, ఆ సంతోషం వాళ్ళలో ఇంకా ఉన్నాయి. అంటే మీ నాన్నగారు లేచి వచ్చేశాక ఆయన వచ్చారన్న సంగతి మాస్టారికి గుర్తుండదు గానీ, ఆయన ఇచ్చిపోయిన నెమ్మది అక్కడే ఉంటుంది. ఎందుకు బాగుందో తెలియకుండా ఆ మాస్టారి సాయంత్రం బాగుంటుంది. ఇంట్లో సేవ చేస్తున్న ఆయన భార్యకి ఆ గంట ఎంత ఊరటో మీరు ఆవిణ్ణే అడగండి.

మీ నాన్నగారు పద్యం మొదటి పాదం అందిస్తే మాస్టారు మిగతా మూడు పాదాలూ తప్పులేకుండా చదివేస్తారని కూడా రాశారు. ఇదేమీ వింత కాదు. చిన్నప్పటి నుంచి వందలసార్లు వల్లెవేసిన పద్యాలు, పాటలు చాలా ఆలస్యంగా పోతాయి. స్నేహితుడి పేరు తెలియని మనిషి ఆ స్నేహితుడితో కలిసి పద్యం చదువుతున్నాడు. ముప్ఫై ఏళ్ళు ఒకే స్టాఫ్ రూములో కూర్చున్నవాళ్ళు కాబట్టే ఆ మొదటి పాదం ఏది అందించాలో మీ నాన్నగారికి తెలుసు. ఇంకెవరికీ తెలియదు.

వచ్చాక ఆయన ముభావంగా ఉంటున్నారన్నారు. ఉండరా మరి? స్నేహితుణ్ణి కొంచెం కొంచెంగా పోగొట్టుకుంటున్నారు. ఆ బాధకి మందు అక్కర్లేదు. శుక్రవారం పొద్దున్న మళ్ళీ చెరువు గట్టుకి వెళుతున్నారా, అన్నం సయిస్తోందా, రాత్రి నిద్ర పడుతోందా అన్నది చూడండి. ఇవన్నీ బాగానే ఉన్నాయని మీరే రాశారు. ఒక సాయంత్రం పాటు ఉండి పోయే బాధ వేరు, రెండు వారాలు వదలకుండా రోజంతా పట్టి ఉండే దిగులు వేరు.

పాత స్నేహాల్లో ఉండే విశ్వాసం బలం ఏమిటో నేను క్లినిక్‌లోనే చూశాను. స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు ఉన్న ఒకతనికి ప్రతి మూడు వారాలకి ఇంజెక్షన్ పడాలి. ఫ్లూఫెనజిన్ అని, నూనెలో కలిపిన మందు, కండలోకి ఇస్తే వారాల పాటు నెమ్మదిగా పనిచేస్తుంది. రోజూ మాత్ర మింగని వాళ్ళకి ఇదే ఆధారం. తల్లి పోయాక ఇంట్లోవాళ్ళు అతన్ని పట్టించుకోవడం మానేశారు. అతన్ని తీసుకొచ్చేది రక్తసంబంధం లేని మనిషి, చిన్నప్పుడు కలిసి గొర్రెలు కాసిన స్నేహితుడు. పార్వతీపురం వైపు నుంచి తెల్లవారు బండికి వచ్చేవారు. ఆ రోజు ఆ స్నేహితుడికి కూలి పోయేది. "నీకెందుకయ్యా ఈ శ్రమ?" అని ఎవరో వెయిటింగ్ హాల్లో అడిగితే, "ఆడికి బాగున్నప్పుడు నాతోనే ఉండేవోడు గదా, ఇప్పుడు బాగోనేదని వదిలెల్లిపోతానా" అన్నాడు. నేను రిటైరయ్యేనాటికి కూడా వాళ్ళిద్దరూ వస్తూనే ఉన్నారు, ఇద్దరికీ తల నెరిసింది. అతనికి జబ్బు మళ్ళీ పెద్దగా తిరగబెట్టలేదంటే మందుకి ఎంత వాటా ఇవ్వాలో ఆ స్నేహితుడికీ అంత ఇవ్వాలి.

ఊరి మీద కూడా ఇలాంటి విశ్వాసం ఉంటుంది. పైడితల్లి అమ్మవారి సిరిమాను, అంటే పొడవాటి మాను చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే ఉత్సవం, దసరా తర్వాత వచ్చే మంగళవారం. ముందు రోజు సోమవారం తొలేళ్ళ ఉత్సవం. హైదరాబాదు, చెన్నై ఎక్కడికి వలసపోయినవాళ్ళైనా ఆ రెండు రోజులకి ఊరు చేరతారు. మిగతా ఏడాది ఫోన్లోనే మందులు అడిగే నా పేషెంట్లు ఆ బుధవారం వరసకట్టి కూర్చునేవాళ్ళు. వాళ్ళ ముఖాలు అప్పుడు ఉన్నంత తేటగా మామూలు రోజుల్లో చూడలేదు. మూడు లాంతర్ల దగ్గర గుడి నుంచి కోట దాకా సిరిమాను మూడుసార్లు తిరుగుతుంది. ఆ జనంలో నిలబడి పైకి చూసిన మనిషికి తాను ఎక్కడివాడో ఎవరూ చెప్పాల్సిన పని లేదు. మీరు ఈ మధ్య రావడం లేదని రాశారు కాబట్టి చెబుతున్నాను, ఈ దసరాకి సెలవు పెట్టుకోండి.

నా సంగతీ కొంచెం చెబుతాను. నాతో క్లినిక్‌లో మొదటి రోజు నుంచి పనిచేసిన అటెండరుకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, మాట పోయాయి. వాళ్ళింటికి వెళ్ళి కూర్చుంటాను. అరుగు మీద సుద్దముక్కతో గీసి పులిజూదం ఆడతాం. మేకలు చింతపిక్కలు, పులులకి గులకరాళ్ళు. ఎడమచేత్తో పిక్కని జరిపి, నా పులికి దారి మూసేసి, నా ముఖంలోకి చూస్తాడు. మాట లేకపోయినా ఆట తెలివి ఎక్కడికీ పోలేదు. వచ్చేటప్పుడు సంగీత కళాశాల వీధిలోంచి నడుస్తాను. 1919లో పెట్టిన కాలేజీ, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు, ద్వారం వెంకటస్వామినాయుడు గారు వయొలిన్ నేర్పిన చోటు. ఘంటసాల గారు ఈ వీధుల్లోనే మధుకరం చేసుకుని, అంటే ఇంటింటా అన్నం అడిగి తెచ్చుకుని చదువుకున్నారు. లోపల ఎవరో చిన్నపిల్ల సరళీ స్వరాలు తప్పులతో వాయిస్తూ ఉంటుంది. నేను ఆగి వింటాను. పెద్ద కచేరీల కంటే ఆ సాధనే నాకు ఇష్టం. ఇంటికొచ్చి చోడంబలి (రాగి అంబలి) తాగి పడుకుంటాను. ఇంతకు మించి కావాలని నాకు అనిపించదు, అలా అనిపించకపోవడం నాకు లోటుగానూ లేదు.

పాత బంధాలన్నీ మంచివేనని అనను. పాత స్నేహం పేరుతో డబ్బు గుంజేవాళ్ళుంటారు, హామీ సంతకాలు పెట్టించేవాళ్ళుంటారు, రోజూ మందు పార్టీకి లాక్కెళ్ళేవాళ్ళుంటారు. పెద్దాయన పెన్షన్ అకౌంటు మీద ఒక కన్నేసి ఉంచండి. మీరు రాసినదాంట్లో అలాంటిదేమీ లేదు.

ఇప్పుడు ఆ వదిలేసిన సంగతి. మూడు మాటలు మీరు మూడు చోట్ల రాశారు. ఫోన్లో ముక్తసరిగా రెండు మాటలు మాట్లాడి పెట్టేస్తారన్నారు. టీవీ సౌండు ఇల్లు అదిరిపోయేలా పెడతారన్నారు. పెళ్ళిళ్ళకి, నలుగురూ చేరే చోటికి రావడం మానేశారన్నారు. ఈ మూడూ కలిపి చదివితే నాకు మనసు కంటే ముందు చెవులు గుర్తొస్తున్నాయి. వినికిడి తగ్గిన పెద్దవాళ్ళు ఆ మాట ఒప్పుకోరు. ఎదుటివాళ్ళని మళ్ళీ మళ్ళీ అడగడం చిన్నతనంగా అనిపించి, నవ్వి ఊరుకుంటారు, క్రమంగా తప్పుకుంటారు. చూసేవాళ్ళకి అది నిరాసక్తిలా కనిపిస్తుంది. చెరువు గట్టు మీద ముగ్గురితో హాయిగా మాట్లాడే మనిషి కల్యాణమండపంలో మూగవాడవడానికి కారణం ఇదే కావొచ్చు. వినికిడి లోపాన్ని అలాగే వదిలేస్తే డిప్రెషన్, మతిమరుపు రెండిటికీ అవకాశం పెరుగుతుంది. డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు మీద లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల బృందం మతిమరుపు విషయంలో 2017 నుంచీ ఇదే చెబుతోంది. ఈఎన్‌టీ డాక్టరు దగ్గర గులిమి చూపించి, ఆడియోమెట్రీ అనే వినికిడి పరీక్ష చేయించండి. చెవికి మిషను పెట్టాల్సి వస్తే మొదటి నెల చికాకు పడతారు, గిన్నెల చప్పుడు కూడా గట్టిగా వినిపిస్తుంది. రోజుకి గంటా రెండు గంటలతో మొదలుపెట్టి అలవాటు చెయ్యాలి.

దాంతోపాటు ఒకసారి థైరాయిడ్, విటమిన్ బి12, హిమోగ్లోబిన్ చూపించండి. షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడుతున్నారన్నారు కదా, ఏళ్ళ తరబడి వాడితే బి12 తగ్గొచ్చు. తగ్గితే నీరసం, మతిమరుపు, దిగులు అన్నీ వస్తాయి. నిద్ర పట్టడం లేదని ఎవరైనా మందుల షాపులో ఆల్‌ప్రాజోలం ఇస్తే వాడనివ్వకండి. ఈ వయసులో ఆ మాత్రలకి తూలి పడితే తుంటి ఎముక విరగొచ్చు.

నా అభిప్రాయం ఎప్పుడు మారుతుందో చెబుతానన్నాను. పనసపొట్టు ముందు పెట్టినా కదలకపోతే, చెరువు గట్టు నడక రెండు వారాలు మానేస్తే, గురువారం కూడా "ఎందుకులే" అంటే అప్పుడు ఆలస్యం చెయ్యకండి. బరువు తగ్గడం, తెల్లవారుజామున మెలకువ, అమ్మగారి విషయంలో తనే తప్పు చేశానని పదే పదే తలచుకోవడం కూడా గుర్తులే. "నా పని అయిపోయింది", "మీకు భారం" అనే మాటలు వింటే, వస్తువులు ఒక్కొక్కటే పంచిపెడుతుంటే, మాత్రలు దాచిపెడుతుంటే అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి, ఒంటరిగా ఉంచకండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. రాత్రిపూట దారి తెలియకపోతే 14416 కి ఫోన్ చెయ్యండి. టెలి మానస్ అని ప్రభుత్వం 2022లో మొదలుపెట్టింది, ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. పెద్ద వయసు డిప్రెషన్ కూడా మందులకి లొంగుతుంది. ఈ వయసువాళ్ళకి ఆ మందులతో రక్తంలో సోడియం తగ్గే అవకాశం ఉంది కాబట్టి మొదటి వారాల్లో ఒకసారి పరీక్ష చేయిస్తారు, అంతే.

హైదరాబాదు సంగతి. ఇప్పుడు మార్చకండి. పడిపోవడాలు, మందులు మర్చిపోవడాలు మొదలైతే అప్పుడు ఆలోచించాలి, అదీ ఆయన్ని కూర్చోబెట్టి అడిగాకే. ఈలోగా వంటమనిషి నంబరు, పక్కింటివాళ్ళ నంబరు, టీ కొట్టు ఆయన నంబరు మీ దగ్గర ఉంచుకోండి. ఒక పొద్దున్న ఆయన టీకి రాకపోతే అందరికంటే ముందు తెలిసేది ఆ కొట్టాయనకే.

ఈసారి మీరొచ్చినప్పుడు గురువారం కలిసొచ్చేలా చూసుకుని ఆయనతో పాటు తెలుగు మాస్టారింటికి వెళ్ళండి. చిన్నప్పుడు మీకు ఛందస్సు చెప్పిన మాస్టారే అన్నారుగా. "నన్ను గుర్తుపట్టారా?" అని మాత్రం అడగొద్దు, చెప్పలేక కంగారుపడతారు. మీరే పేరు చెప్పి, ఫలానా వారి అమ్మాయినని చెప్పి, కళ్ళకి ఎదురుగా కూర్చోండి. ఒకసారికి ఒక మాటే మాట్లాడండి. తప్పు చెప్పినా సరిదిద్దకండి. పద్యం మొదలయ్యాక మీకు వచ్చినంత మీరూ కలపండి. నాన్నగారి ఆడియోమెట్రీ, రక్తపరీక్షల రిపోర్టులు వచ్చాక నాకు మళ్ళీ రాయండి, చూసి చెబుతాను.